స్కాన్లు చేతిలో ఉన్నా వెతికితే దొరకవు: పాత పత్రికల డిజిటల్ లైబ్రరీని ఎలా సర్దాలి?

అడయారు_అరుణ
చెన్నైలో ఒక తెలుగు సంఘం గ్రంథాలయంలో సెలవు రోజుల్లో వాలంటీరుగా పనిచేస్తున్నాను. పాత మద్రాసులో అచ్చయిన తెలుగు పత్రికలు, పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి. స్కానింగు చాలావరకు అయిపోయింది. అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది.

స్కాన్ చేసినవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఫోల్డర్లు పెట్టారు. ఒకరు దాత పేరుతో, ఒకరు బీరువా నంబరుతో, ఇంకొకరు స్కాన్ చేసిన తేదీతో. ఫైళ్ళ పేర్లు చూస్తే "స్కాన్ 1", "స్కాన్ 1 కొత్తది", "స్కాన్ 1 కొత్తది ఫైనల్". ఆరేసి నెలల సంచికలు కలిపి బైండు చేసినవి ఒక్కో పీడీఎఫ్‌గా ఉన్నాయి. ఒక బైండులోనైతే 'భారతి' సంచికల మధ్య 'గృహలక్ష్మి' సంచికలు కూడా కలిపి కుట్టేశారు.

డిజిటల్ లైబ్రరీలు నడిపే డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. కమ్యూనిటీలు (పెద్ద విభాగాలు), వాటిలోపలి కలెక్షన్లు ఏవో చెప్పమని అడుగుతోంది. కమిటీలో మూడు అభిప్రాయాలు. పెద్దవాళ్ళు దాతల పేర్లతోనే కలెక్షన్లు ఉండాలంటారు. కొందరు విషయాల వారీగా అంటారు. నాకు పత్రిక పేరు వారీగా ఉంటే మేలనిపిస్తోంది. ఒకసారి ఎక్కించాక మార్చలేమేమోనని టెన్షన్. ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

మెరీనా_గాలి
తేలేదాకా ఒక్క ఫైలు కూడా ఎక్కించకండి. హార్డ్ డిస్కుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకో డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. మిగతాది తర్వాత.

పల్లవరం_పాఠకుడు
పాఠకుడిగా నా బాధ చెప్తాను. పాత పత్రికల్లో ఒక వ్యాసం కోసం వెళ్తే చేతికొచ్చేది బైండు మొత్తం. ఐదారు వందల పేజీల పీడీఎఫ్ ఫోన్లో తెరుచుకోదు, తెరుచుకున్నా ఆ వ్యాసం ఎక్కడుందో తెలియదు. కలెక్షన్ పేరు దాతదైనా పత్రికదైనా నాకు ఒకటే. వ్యాసం పేరు కొడితే ఆ పేజీ రావాలి. మీ కమిటీలో పాఠకుల తరఫున ఎవరైనా ఉన్నారా?

కాటలాగు_కామేశ్వరి
పాఠకుడు గారు అడిగిందే అసలు ప్రశ్న. అరుణ గారూ, మీ కమిటీ అడగాల్సిన క్రమం తిరగబడింది. దేన్ని ఎక్కడ పెట్టాలి అన్నది రెండోది. "మనం ఒక వస్తువు అంటున్నది దేన్ని?" అన్నది మొదటిది. బైండా? సంచికా? వ్యాసమా? పేజీయా? ఇది తేలితే మీ మూడు అభిప్రాయాల గొడవ సగం తగ్గిపోతుంది.

బైండు అనేది బైండరు సౌకర్యం. ఎన్ని పేజీలు కలిపితే దారం పడుతుందో చూసి అతను కుట్టాడు. రచయితకూ సంపాదకుడికీ పాఠకుడికీ దానితో పనిలేదు. పత్రిక బయటికొచ్చింది సంచికగా. దానికి సంపుటి నంబరు, సంచిక నంబరు, తేదీ, వెల ఉన్నాయి. ఎవరైనా ఉదాహరించేటప్పుడు కూడా సంచికనే చెబుతారు. కాబట్టి డీస్పేస్‌లో ఒక ఐటమ్ అంటే ఒక సంచిక. బైండ్లను విడగొట్టండి. ఆ సంచిక ఏ బైండులోంచి వచ్చిందో ఒక ఫీల్డులో రాసుకోండి, చాలు.

డిజిటల్ వస్తువు అంటే ఫైలు ఒక్కటే కాదు. రాబర్ట్ కాన్, రాబర్ట్ విలెన్‌స్కీ 1995లో రాసిన పత్రంలోనే ఈ సంగతి ఉంది. లోపలి డేటా, దాన్ని గురించిన వివరం, దానికి ఎప్పటికీ మారని ఒక గుర్తింపు, ఈ మూడూ కలిస్తేనే వస్తువు. అది ఏ డిస్కులో, ఏ ఫోల్డర్లో ఉందన్నది దాని గుర్తింపులో భాగం కాదు. మీ దగ్గర ఇప్పుడు ఉన్నవి ఫైళ్ళు మాత్రమే. ఇంకా వస్తువులు కాలేదు.

సర్వర్_సుబ్బు
కామేశ్వరి మేడమ్ మాటకి సాంకేతికంగా తోడు. డీస్పేస్ మీ ఫోల్డర్లను పట్టించుకోదు. ఎక్కించిన ప్రతి ఫైలుకీ తనే ఒక పొడుగాటి అంకెల పేరు పెట్టి తన స్టోరులో దాచుకుంటుంది. పైన మనకు కనిపించే వరుస ఇది: కమ్యూనిటీ, దాని లోపల కలెక్షన్, దాని లోపల ఐటమ్. ఐటమ్ లోపల బండిళ్ళు, బండిల్ లోపల బిట్‌స్ట్రీములు, అంటే అసలు ఫైళ్ళు. పాఠకుడు చదివే పీడీఎఫ్ ఒక బండిల్లో, దాన్నుంచి తీసిన అక్షరాలు ఇంకోదాంట్లో, చిన్న బొమ్మ మరోదాంట్లో ఉంటాయి.

మార్చలేమేమో అన్న భయం అక్కర్లేదు. ఐటమ్‌ని ఒక కలెక్షన్ నుంచి ఇంకోదానికి తరలించవచ్చు. మెటాడేటా, అంటే ఐటమ్‌ల వివరాలు, మొత్తాన్ని సీఎస్‌వీగా (షీటులా తెరుచుకునే పట్టిక ఫైలుగా) దించి, దిద్ది, మళ్ళీ ఎక్కించవచ్చు. నిజంగా మార్చడం కష్టమైంది ఒక్కటే: ఒక ఐటమ్‌ని నాలుగు ఐటమ్‌లుగా విడగొట్టడం. అందుకే బైండు, సంచిక సంగతి ముందే తేల్చుకోండి.

టీనగర్_తాతయ్య
దాతల పేర్లు అడుగుతున్న పెద్దవాళ్ళ తరఫున మాట్లాడతాను, ఎందుకంటే అందరూ దాన్ని పేరు కోసం తాపత్రయం అనుకుంటున్నారు. ఒక ఇంట్లో యాభై ఏళ్ళపాటు ఏమేం కొన్నారు, ఏవి బైండు చేయించారు, ఏ పత్రిక పక్కన ఏ పత్రిక పెట్టుకున్నారు అన్నది కూడా చరిత్రే. 'భారతి' మధ్యలో 'గృహలక్ష్మి' కుట్టించారంటే ఆ ఇంట్లో రెండూ ఎవరో వరుసగా చదివారన్నమాట. బైండరు సౌకర్యం అని ఒక్క మాటలో కొట్టేయకండి.

రోజా ముత్తయ్య గ్రంథాలయం ఇక్కడే చెన్నైలో ఉంది. కోట్టైయూరులో సైన్ బోర్డులు రాసుకునే ఒక వ్యక్తి జీవితమంతా పోగుచేసినవి అవి. ఆయన పోయాక షికాగో విశ్వవిద్యాలయం కొన్నది, 1994లో ఆయన పేరుతోనే ఇక్కడ లైబ్రరీ అయింది. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు రాతప్రతుల్ని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఇప్పటికీ బ్రౌన్ సేకరణ అనే అంటారు. సేకరించినవాడి చేతి ముద్ర సేకరణలో ఉంటుంది.

కాటలాగు_కామేశ్వరి
తాతయ్యగారూ, మీరు చెప్పిన దాంట్లో సగానికి పూర్తిగా ఒప్పుకుంటాను. ఉత్తరాలు, డైరీలు, లెక్కల పుస్తకాలు, నోటు పుస్తకాలు దాత ఇంట్లోంచి వస్తే వాటి వరుస చెదరకూడదు. ఆర్కైవు పనిలో అది మొదటి నియమం. అవి దాత పేరుతోనే ఒక కలెక్షన్‌గా ఉండాలి.

అచ్చయిన పత్రిక సంగతి వేరు. అదే సంచిక ఇంకో దాత దగ్గర నుంచి కూడా వస్తుంది. అప్పుడు 1931 సంచికలు కొన్ని ఒకరి పేరు కింద, కొన్ని ఇంకొకరి పేరు కింద చెల్లాచెదురైపోతాయి. వరుసగా చదవాలనుకున్నవాడు ముగ్గురు దాతల ఇళ్ళు తిరగాలి.

సర్వర్_సుబ్బు
ఇద్దరి మాటా నెగ్గే దారి ఉంది. ఐటమ్‌కి సొంత కలెక్షన్ ఒకటే ఉంటుంది, కానీ దాన్ని ఎన్ని కలెక్షన్లకైనా మ్యాప్ చేయవచ్చు. సొంత కలెక్షన్ 'భారతి' అవుతుంది, మ్యాప్ చేసింది ఫలానా దాత కలెక్షన్ అవుతుంది. ఫైలు ఒకటే, కాపీ కాదు. దాత కుటుంబం వాళ్ళు తమ పేజీకి వెళ్తే వాళ్ళు ఇచ్చినవన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఏ బైండులో ఎన్నోదో కూడా ఫీల్డులో ఉంటే తాతయ్యగారు చెప్పిన కుట్టు వరుసను తిరిగి పేర్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ప్రొవెనెన్స్ అని ఒక ఫీల్డు కనిపిస్తుంది, దాత పేరు అందులో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఎవరు ఎప్పుడు ఎక్కించారన్న లెక్క డీస్పేస్ అందులో రాసుకుంటుంది, మామూలుగా అది పాఠకులకు కనిపించదు. దాతకు, బైండు నంబరుకు వేరే ఫీల్డులు తయారు చేసుకోండి.

టీనగర్_తాతయ్య
బైండు వరుస ఫీల్డులో ఉంటుందంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దాత సంతకం, కొన్న తేదీ, "ఇది మా అమ్మాయి పుట్టినరోజుకి" లాంటి రాతలు ముఖచిత్రం మీద ఉంటాయి. విడగొట్టేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు వాటిని చెరిపేయకూడదు.

అడయారు_అరుణ
చెరపం తాతయ్యగారూ. అట్టలు, ఖాళీ పేజీలు కూడా స్కాన్ చేశాం.

వెలచేరి_విద్యార్థిని
ప్రకటనల పేజీలు కూడా ఉంచండి ప్లీజ్. నా పరిశోధనకి అవే ముఖ్యం. వావిళ్ళ వారి పుస్తకాల వెలలు, మందుల ప్రకటనలు, సబ్బులు అన్నీ ఆ పేజీల్లోనే దొరుకుతాయి. చాలామంది స్కాన్లలో వాటిని తీసేస్తారు.

ఇంకో సందేహం. తేదీ ఏం రాయాలి? కొన్ని సంచికల మీద "రక్తాక్షి సంవత్సర మాఘ మాసము" అని మాత్రమే ఉంటుంది.

మెరీనా_గాలి
రక్తాక్షి అంటే 1924. గూగుల్‌లో ఉంది.

కాటలాగు_కామేశ్వరి
ఆగండి, అక్కడే అందరూ జారేది. రక్తాక్షి 1924 ఉగాదికి మొదలై 1925 ఉగాదికి ముగిసింది. మాఘం ఆ ఏడాది చివర్లో వస్తుంది. అంటే 1925 జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరిలోకి. 1924 అని వేస్తే ఆ సంచిక వరుసలో ఏడాది వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. 'భారతి' మొదలైన 1924 జనవరి కూడా అంతే. అప్పటికి ఇంకా రుధిరోద్గారే నడుస్తోంది.

పైగా అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. ప్రభవ అంటే 1867లో మొదలైందా, 1927లోదా, 1987లోదా? పుస్తకం చూసి, కాగితం చూసి, అచ్చు చూసి తేల్చాలి.

కాబట్టి రెండు ఫీల్డులు. ఒకదాంట్లో 1925-02 లాగా అంకెల్లో, ముందు సంవత్సరం, తర్వాత నెల. కంప్యూటరు వరుసలో పెట్టేది దీన్ని చూసే. రెండోదాంట్లో సంచిక మీద అచ్చయినది అక్షరం మార్చకుండా. మొదటిది మన లెక్క, రెండోది సాక్ష్యం. రేపు మన లెక్క తప్పని ఎవరైనా అంటే సాక్ష్యం చూసి దిద్దుకోవచ్చు.

టీనగర్_తాతయ్య
పంచాంగం లెక్క నేను చూసిపెడతాను. అధిక మాసాలు ఉన్న ఏళ్ళలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఓసీఆర్_ఓబులేసు
శీర్షికల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత అచ్చులో అరసున్న, బండి ఱ ఉంటాయి. ఇప్పుడు వెతికేవాడు వాటిని కొట్టడు. "మాఱు" అని ఎక్కిస్తే "మారు" అని వెతికినవాడికి రాదు. అలాగని శీర్షికను మనమే ఆధునికం చేసేస్తే అది ఆ పుస్తకం పేరు కాకుండా పోతుంది. ప్రధాన శీర్షికలో ఉన్నది ఉన్నట్టు, ప్రత్యామ్నాయ శీర్షికలో ఇప్పటి వర్ణక్రమం, ఇంకో ప్రత్యామ్నాయంలో రోమన్ లిపిలో. మూడూ వెతుకులాటలో పడతాయి.

కంటికి కనిపించని ఇబ్బంది ఇంకొకటి. ఐత్వం యూనికోడులో ఒకే గుర్తుగా ఉండవచ్చు, ఎత్వానికి కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ ఉండవచ్చు. చూడటానికి రెండూ ఒకటే. నార్మలైజేషన్ (రెండిటినీ ఒకే రూపానికి తేవడం) చేయకపోతే కంప్యూటరుకి వేరు వేరు పదాలు. పదం మధ్యలో దూరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు కూడా అంతే. డీస్పేస్‌లో వెతుకులాటను నడిపే సోలర్ సెట్టింగుల్లో, ఇలాంటి తేడాలను కలిపేసే ఐసీయూ ఫిల్టరు పెట్టించండి. సుబ్బు గారికి తెలిసే ఉంటుంది.

సర్వర్_సుబ్బు
తెలుసు, పెట్టాలి. ఇంకోటి కూడా. డీస్పేస్ పీడీఎఫ్‌లోంచి అక్షరాలు తనే తీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. పీడీఎఫ్‌లో అక్షరాల పొర ఉంటేనే తీస్తుంది. ఉత్త బొమ్మల పీడీఎఫ్ అయితే దానికి అందేది శూన్యం. ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చేత చదివించడం, ముందే చేసి ఎక్కించాలి.

ఓసీఆర్_ఓబులేసు
టెస్సెరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాములో తెలుగు ఉంది. శుభ్రమైన అచ్చుకి పనికొస్తుంది, పాత సీసపు అచ్చుకి తప్పులు చాలా వస్తాయి. అయినా చేయండి. తప్పుల ఓసీఆర్ చదవడానికి బాగోదు గానీ వెతకడానికి కొంతైనా పనికొస్తుంది. హక్కులు ముగిసిన మంచి పుస్తకాలను వికీసోర్స్‌లో పెడితే పేజీ పక్కన పేజీ పెట్టుకుని మనుషులు దిద్దుతారు.

మల్లేశ్వరం_మోహన్
బెంగళూరు నుంచి. మెటాడేటాని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు చూడండి. రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్స్ ఆలోచన, ఇక్కడి ఐఐఎస్సీ, కార్నెగీ మెలన్ కలిసి చేసిన గొప్ప పని. అది లేకపోతే తెలుగు పాత పుస్తకాలు ఎన్నో మనకు దక్కేవి కావు, ఆ రుణం ఎప్పటికీ ఉంటుంది. కానీ తెలుగు పేర్లన్నీ రోమన్ లిపిలో, ఎక్కించినవాళ్ళ చెవికి తోచినట్టు పడ్డాయి. ఒకే రచయిత పేరు ఎన్ని రకాలుగా ఉందో లెక్కలేదు. ఇప్పుడు ఆ స్కాన్ల కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పుస్తకం అక్కడ ఉందని తెలిసి కూడా, ఏ స్పెల్లింగుతో వెతకాలో తెలియక వదిలేసినవాళ్ళు ఎంతోమంది.

స్కాన్ చేయడానికి డబ్బు దొరుకుతుంది. పేరు సరిగ్గా రాయడానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. వాలంటీర్లున్న మీలాంటి చిన్న సంఘమే ఆ పని బాగా చేయగలదు.

పల్లవరం_పాఠకుడు
మోహన్ గారు చెప్పింది నిజం. రచయిత పేర్ల సంగతి ఇంకా పెద్దది. శ్రీశ్రీ అని వెతకాలా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతకాలా? ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని తెలియనివాళ్ళకి ఆ పేరుతో ఉన్న పాత రచన దొరికే దారేది?

కాటలాగు_కామేశ్వరి
దానికి పేర్ల జాబితా ఒకటి విడిగా ఉండాలి. మనిషికి ఒక వరుస. స్థిరమైన పేరు ఒకటి, ఇంటిపేరు ముందు పెట్టి. దాని పక్కన కలం పేర్లు, వేరే వర్ణక్రమాలు, పుట్టిన, పోయిన సంవత్సరాలు. ఐటమ్‌లో స్థిరమైన పేరే వెళ్ళాలి, సంచికలో అచ్చయిన పేరు వేరే ఫీల్డులో. వీయాఫ్ అనే అంతర్జాతీయ జాబితాలో మన ప్రసిద్ధ రచయితలు చాలామంది ఉన్నారు, ఆ నంబరు కూడా రాసుకోండి.

విషయాలకీ అంతే. ఒకరు "స్త్రీ విద్య" అని, ఒకరు "బాలికా విద్య" అని, ఇంకొకరు "ఆడవారి చదువు" అని రాస్తే మూడు దారులవుతాయి. ముందే ఒక జాబితా కట్టి అందులోంచే ఎంచుకోవాలి.

మెరీనా_గాలి
అంటే విషయాల వారీగా కలెక్షన్లు అన్న మూడో పక్షం ఓడిపోయినట్టేనా?

కాటలాగు_కామేశ్వరి
ఓడిపోలేదు, వాళ్ళ చోటు వేరు. బీరువాలో పుస్తకం ఒక్క చోటే నిలబడగలదు. అందుకే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఒక నంబరు వేసి అక్కడ నిలబెడతాం. వితంతు వివాహం మీద 1910లలో వచ్చిన నాటకాన్ని సాహిత్యంలో పెట్టాలా, సంఘ సంస్కరణలోనా? బీరువా దగ్గర ఏదో ఒకటి వదులుకోవాలి. డిజిటల్‌లో వదులుకోనక్కర్లేదు.

ఈ ఆలోచన మన మద్రాసుదే. రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు. ఒక పుస్తకాన్ని ఒకే గూట్లో కుక్కకుండా దేని గురించి, ఏ పదార్థం, ఏ క్రియ, ఏ చోటు, ఏ కాలం అని ముఖాలుగా విడదీసి చూడటం ఆయన పద్ధతి. 1962లో బెంగళూరులో ఆయనే మొదలుపెట్టిన డీఆర్‌టీసీ అనే పరిశోధనా శిక్షణ కేంద్రంలో ఆ పద్ధతిని ఇంకా పెంచారు. ఇవాళ ఏ డిజిటల్ లైబ్రరీ తెరిచినా పక్కన రచయిత, సంవత్సరం, విషయం, భాష అని వడపోతలు కనిపిస్తాయి కదా, వాటి వెనకున్నది ఆ చూపే. విషయాన్ని కలెక్షన్ చేయకండి, ఫీల్డు చేయండి. అప్పుడు ఆ నాటకం రెండు చోట్లా దొరుకుతుంది.

టీనగర్_తాతయ్య
రంగనాథన్ గారి మాట వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ చర్చ చెన్నైలో జరిగినట్టే కాదు!

పల్లవరం_పాఠకుడు
అంతా బాగుంది. నా మొదటి ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. సంచిక ఒక ఐటమ్ అన్నారు. వ్యాసం సంగతేంటి? ఎనభై పేజీల సంచికలో ఒక కథ కోసం నేను మళ్ళీ పేజీలు తిప్పాల్సిందేనా? వ్యాసమే ఐటమ్ కావాలి.

కాటలాగు_కామేశ్వరి
కావాలని నాకూ ఉంది. పని ఎంతో లెక్కేయండి. ఒక్కో సంచికలో పదిహేను, ఇరవై రచనలుంటాయి. ఒక్కోదానికి శీర్షిక, రచయిత, పేజీలు, విషయం. చేతిలో ఉన్న కొద్దిమంది వాలంటీర్లతో అది మొదలుపెడితే రెండు సంవత్సరాల సంచికలు వ్యాసాలుగా వెలుగుతాయి, మిగతావన్నీ హార్డ్ డిస్కులోనే ఉండిపోతాయి. ముందు సంచికలన్నీ బయటికి రావాలి. విషయసూచిక కోసం డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణంలో ఒక ఫీల్డు ఉంది, అందులో రచనల పేర్లు టైపు చేస్తే వెతుకులాటలో పడతాయి.

పల్లవరం_పాఠకుడు
విషయసూచిక ఒకే ఫీల్డులో కుప్పగా ఉంటే ఏ రచన ఎవరిదో కంప్యూటరుకి తెలియదు. రచయిత పేరు నొక్కితే ఆ రచయిత రచనలన్నీ రావు. నేను ఒప్పుకోను మేడమ్.

సర్వర్_సుబ్బు
డీస్పేస్ 7 నుంచి పత్రిక, సంపుటి, సంచిక, రచన, వ్యక్తి అని వేరు వేరు ఎంటిటీలు (ఐటమ్ రకాలు) పెట్టుకుని వాటి మధ్య సంబంధాలు కలపవచ్చు. రచన నుంచి సంచికకి, సంచిక నుంచి పత్రికకి, రచయిత నుంచి రచనలకి వెళ్ళవచ్చు. పాఠకుడు గారు అడిగేది సరిగ్గా అదే. కానీ కామేశ్వరి మేడమ్ చెప్పిన చాకిరీ కూడా నిజమే, ఎంటిటీలు దాన్ని తగ్గించవు.

ఓసీఆర్_ఓబులేసు
విషయసూచికను డీస్పేస్‌లో నేరుగా టైపు చేయకుండా ఒక షీటులో చేయండి. ఒక రచనకి ఒక వరుస. సంచిక గుర్తింపు, మొదటి పేజీ, చివరి పేజీ, శీర్షిక, అచ్చయిన రచయిత పేరు, ప్రక్రియ. ఇప్పుడు సంచిక ఎక్కించేటప్పుడు ఆ వరుసల్ని కలిపి విషయసూచిక ఫీల్డులో పడేయండి. తర్వాత ఓపిక, మనుషులు దొరికినప్పుడు అవే వరుసల నుంచి రచన ఐటమ్‌లు పుట్టించవచ్చు. టైపింగు ఒక్కసారే.

పల్లవరం_పాఠకుడు
ఇదైతే ఒప్పుకుంటాను. షీటు పాఠకులకు కూడా తెరిచి ఉంచండి, అదే ఒక సూచిక అవుతుంది.

వెలచేరి_విద్యార్థిని
పేజీ నంబర్లలో చిన్న చిక్కు. అచ్చయిన పేజీ నంబరు, స్కాన్ ఫైలు నంబరు ఒకటి కావు. ప్రకటనలకి, బొమ్మల పేజీలకి నంబర్లుండవు. కొన్ని పత్రికల్లో సంపుటి మొత్తానికి పేజీలు వరుసగా నడుస్తాయి, జూన్ సంచిక 641తో మొదలవుతుంది.

సర్వర్_సుబ్బు
ఓబులేసు చెప్పిన షీటులో రెండూ కావాలి. స్కాన్ వరుస ఒక కాలమ్, అచ్చయిన నంబరు ఒక కాలమ్. ఫైళ్ళ పేర్లలో స్కాన్ వరుసే వాడండి, నాలుగు అంకెలతో, 0001 నుంచి. లేకపోతే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. ఫైలు పేర్లలో తెలుగు అక్షరాలు, ఖాళీలు వద్దు. జిప్ చేసి ఇంకో కంప్యూటర్లో విప్పినప్పుడు పాడవుతాయి. పత్రిక పొట్టి పేరు రోమన్ లిపిలో, సంవత్సరం, నెల, పేజీ. అంతకంటే ఎక్కువ సమాచారం పేరులో కుక్కకండి, మిగతాది మెటాడేటా పని.

సీఎస్‌వీ దిద్దేటప్పుడు లిబ్రెఆఫీస్‌లో యూటీఎఫ్-8 అని ఎంచుకుని తెరవండి. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా చెత్త అక్షరాలవుతుంది, అలాగే సేవ్ చేస్తే ఇక అంతే.

హ్యాండిల్ ప్రిఫిక్సు, అంటే శాశ్వత లింకుల్లో ముందు వచ్చే మీ సంస్థ నంబరు, కూడా ముందే రిజిస్టరు చేసుకోండి. చేయకపోతే డీస్పేస్ 123456789 అని తాత్కాలికపు నంబరు వాడుతుంది. మన దేశంలో చాలా సంస్థల లింకుల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. సర్వరు మారినా, డొమైను పేరు మారినా లింకు బతకాలంటే సొంత ప్రిఫిక్సు ఉండాలి. పరిశోధనా వ్యాసాల్లో మీ లింకులు ఎక్కాక మార్చడం అన్యాయం.

అడయారు_అరుణ
హక్కుల సంగతి? కమిటీలో అది కూడా అడిగారు. పత్రిక ఆగిపోయి చాలా ఏళ్ళయింది కదా, అన్నీ పెట్టేయవచ్చు అని ఒకరన్నారు.

మల్లేశ్వరం_మోహన్
పత్రిక ఆగిపోవడానికీ హక్కు ముగియడానికీ సంబంధం లేదు. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. సంతకం ఉన్న ప్రతి వ్యాసానికీ ఆ రచయితను బట్టి వేరే లెక్క. వీరేశలింగం గారు 1919లో పోయారు, ఇబ్బంది లేదు. చలం 1979లో పోయారు, 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. రచయిత ఎవరో తెలియనివాటికి ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. కాబట్టి ఒకే సంచికలో కొన్ని తెరవగలిగేవి, కొన్ని తెరవలేనివి ఉంటాయి.

కాటలాగు_కామేశ్వరి
అందుకే పేర్ల జాబితాలో పోయిన సంవత్సరం రాయమన్నాను. మెటాడేటా, విషయసూచిక అందరికీ తెరిచి ఉంచండి. డీస్పేస్‌లో అనుమతులు ఫైలు స్థాయిలో పెట్టవచ్చు. వివరం కనిపిస్తుంది, పీడీఎఫ్ మాత్రం లైబ్రరీకి వచ్చి చూసుకోవాలి. పాఠకుడికి అది ఉందని తెలియడమే పెద్ద మేలు.

మెరీనా_గాలి
స్కాన్ చేసిన అసలు పెద్ద బొమ్మలు, అంటే టిఫ్ ఫైళ్ళు, ఎక్కడ పెడతారు? డీస్పేస్‌లో ఎక్కిస్తే సర్వరు నిండిపోతుంది.

సర్వర్_సుబ్బు
డీస్పేస్‌లో చదువుకునే పీడీఎఫ్ చాలు. టిఫ్‌లు విడిగా, సంచికకి ఒక సంచి చొప్పున బ్యాగిట్ పద్ధతిలో కట్టండి. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే గుర్తు) ఉన్న జాబితా ఆ సంచిలోనే ఉంటుంది. ఏడాదికోసారి సరిచూస్తే ఏ ఫైలు పాడైందో తెలుస్తుంది. మూడు కాపీలు ఉండాలి, ఒకటి ఊరు దాటి ఉండాలి. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరు ఇది, ఒకే గదిలో మూడు డిస్కులు పెడితే మూడు కాపీలు అనుకోవడానికి లేదు.

మల్లేశ్వరం_మోహన్
బెంగళూరు కాపీ నా బాధ్యత. డిస్కు పంపండి, చెక్‌సమ్‌లు నేనే సరిచూసి చెప్తాను.

అడయారు_అరుణ
కమిటీ ముందు ఇలా పెట్టబోతున్నాను. కమ్యూనిటీలు మూడు: పత్రికలు, పుస్తకాలు, వ్యక్తిగత సేకరణలు. పత్రికకో కలెక్షన్. సంచిక ఒక ఐటమ్. దాతల పేజీలకు మ్యాపింగ్. ఉత్తరాలు, డైరీలు దాత పేరుతోనే, వరుస చెదరకుండా. విషయం, తేదీ, రచయిత ఫీల్డుల్లో. రచనల షీటు విడిగా, అందరికీ తెరిచి. ముందుగా 'గృహలక్ష్మి' ఒక సంపుటి మాత్రం ఈ పద్ధతిలో చేసి, బయటి పాఠకుల చేత వెతికించి చూస్తాం.

కలిపి కుట్టిన ఆ బైండు గురించి ఒక్క సందేహం మిగిలింది. 'భారతి' చివరి పేజీ వెనకవైపే 'గృహలక్ష్మి' అట్ట అతుక్కుపోయింది, ఒకే స్కాన్‌లో రెండూ వచ్చాయి. ఆ బొమ్మ ఎవరిది?

కాటలాగు_కామేశ్వరి
రెండిటిదీ. రెండు సంచికల్లోనూ ఆ పేజీ పెట్టండి, వివరంలో "అతుక్కున్న పేజీ, బైండు నంబరు ఫలానా" అని రాయండి. కాగితాన్ని విడదీయాలని మాత్రం చూడకండి.

టీనగర్_తాతయ్య
నాకు చూపించాక గానీ ఆ బైండు ఎవరి చేతికీ ఇవ్వకండి. కుట్టు విప్పకుండా తెరిచే మనిషి నాకు తెలుసు, తీసుకొస్తాను.

వెలచేరి_విద్యార్థిని
షీటు టైపు చేయడానికి నేను వస్తాను, మా క్లాసులో ఇంకొందరిని అడుగుతాను. 'గృహలక్ష్మి' సంపుటి మాకే ఇవ్వండి అరుణక్కా.